పళ్ళెంలో పోసిన పెల్లెట్లు

నాకు నోరెక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసింది. నేను ఒప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. కడియం వైపు మాకు నర్సరీ ఉంది. మామిడి, సపోటా, జామ అంట్లు కట్టి అమ్ముతాం. మొక్కల కోసం వచ్చిన మనిషి మొక్కలు బండికెక్కించుకుని ఊరికే వెళ్ళిపోతే నాకు తోచదు. కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నాలుగు కబుర్లు చెప్పి పంపితేగానీ బేరం పూర్తయినట్టనిపించదు. మా అబ్బాయి పెళ్ళయినప్పటినుంచీ ఆ కబుర్లన్నీ మా కోడలి గురించే.

మా కోడలిది నరసాపురం. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. కాలేజీలో ఎన్‌సీసీలో ఉండగా రైఫిల్ పట్టిందట, పెళ్ళయ్యాక మళ్ళీ మొదలుపెట్టింది. గాలి ఒత్తిడితో పేలే రైఫిల్ అది. పది మీటర్ల దూరంలో ఉన్న చుక్కంత గురిని కొట్టాలి. బ్యాంకు నుంచి అటునుంచటే క్లబ్బుకి వెళ్ళి, సాధన చేసుకుని, ఇంటికొచ్చి మళ్ళీ వంటింట్లో అత్తగారి పక్కన నిలబడేది. నేను చూసిందల్లా ఆ పొడుగాటి నల్ల పెట్టె కారులో పెట్టడం, దించడం. అంతకుమించి నాకేం తెలీదు. తెలీనివాడు నోరు మూసుకుని కూర్చోవాలా వద్దా? ఊహూ! "మా కోడలు తుపాకీ పట్టిందంటే అల్లంత దూరాన చెట్టుమీద కొబ్బరికాయని తొడిమ దగ్గర తెంపేస్తుందండీ" అని యానాం నుంచి గులాబీ మొక్కలకొచ్చిన ఆసామికి చెప్పాను. ఆయన నిజమే కాబోలని నోరు తెరిచాడు. ఆ నోరు తెరవడం చూస్తే నాకు కడుపు నిండిపోయేది. ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ దసరాకి కోడలూ అబ్బాయీ నరసాపురం వెళ్ళారు. మా నర్సరీలో ఆయుధపూజ ఏటా ఘనంగానే చేస్తాం. అంట్లు కట్టే కత్తులు, కత్తెరలు, పారలు, మోటారు, మందు కొట్టే పంపు అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా పేరుస్తాం. ఈసారి నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఇంట్లో నిజమైన ఆయుధం పెట్టుకుని పారలకీ గునపాలకీ పూజ చేసి ఊరుకోవడమేమిటి? వాళ్ళు బయల్దేరేముందే కోడల్ని అడిగాను.

"అమ్మా, నీ రైఫిల్ కూడా పూజలో పెడతానే."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "పెట్టండి మామయ్యగారూ. కానీ పెట్టె తెరవకండి. పైనే బొట్టు పెట్టండి. రైఫిల్‌కి తడి తగలకూడదండీ."

"నాకు తెలీదూ! నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అన్నాను.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, రైఫిల్ విషయంలో ఆ పిల్ల చెప్పినట్టే చేశాను. పెట్టె తెరవలేదు. పైన గంధం, కుంకుమ, ఒక చామంతి దండ, అంతే. అయితే ఆ పెట్టె పక్కన ఒక సంచీ ఉంది. అందులో మూడు గుండ్రటి రేకు డబ్బాలున్నాయి. మూత తీసి చూస్తే సీసంతో చేసిన బుల్లి బుల్లి పెల్లెట్లు. ఒక్కోటి కందిగింజంత ఉంది. నడుం దగ్గర నొక్కినట్టుండి బుల్లి ఢమరుకంలా ఉంది. తుపాకీలో వేసి కొట్టేవి ఇవేనన్నమాట. వీటికి పూజ చెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు కదా.

మాది మొదటినుంచీ వ్యవసాయం చేసుకునే కొంప. నర్సరీ పెట్టింది నేనుగానీ, మా నాన్నగారు వరి పండించారు. కళ్ళంలో ధాన్యం రాశి పోసి, పైన గుమ్మడిపువ్వు పెట్టి, దండం పెట్టుకున్నాకే బస్తాలకెత్తేవాళ్ళు. దేవుడి ముందు ఏదైనా రాశిగా పోసి చూపించాలి. మూత పెట్టిన డబ్బాలు ముందు పెడితే దాచుకున్నట్టుండదూ? ఇత్తడి పళ్ళెం తెచ్చి, మూడు డబ్బాలూ అందులో బోర్లించాను. గలగలమని భలే పడ్డాయి. వేళ్ళతో దగ్గరికి చేర్చి రాశిలా ఎత్తుగా పేర్చాను. పైన కుంకుమ, అక్షింతలు, నడిమధ్యన ఒక బంతిపువ్వు. కొబ్బరికాయ కొట్టి నాలుగు చుక్కలు చిలకరించాను కూడా. ఎంత ముచ్చటగా ఉందంటే, ఫోటో తీసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మా ఇంటి ఆయుధపూజ" అని రాశాను. దండాలే దండాలు. "బాబాయ్ సూపర్" అని ఒకడు, "కోడలికి ఇక తిరుగులేదు పెదనాన్నా" అని ఇంకొకడు.

కోడలు కూడా గ్రూపులో అందరితోపాటు ఒక దండం బొమ్మ పెట్టింది. ఆ తర్వాత విడిగా నాకు ఫోన్ చేసింది.

"మామయ్యగారూ, పూజ బాగా జరిగిందాండీ?"

"బ్రహ్మాండంగా జరిగిందమ్మా! ఫోటో చూశావా?"

"చూశానండీ. ఆ పళ్ళెంలోవి... మూడు డబ్బాలవీనాండీ?"

"మూడూనమ్మా. ఒక్కటి కూడా మిగల్చలేదు."

లైను తెగిందేమోనని "హలో, హలో" అన్నాను.

"ఉన్నానండీ. కలిపి పోశారా, విడివిడిగా పోశారాండీ?"

"విడివిడిగా ఎందుకమ్మా, రాశి కదా!"

"సరేనండీ మామయ్యగారూ. వాటినలాగే ఉంచెయ్యండి. రేపు నేనొచ్చి చూసుకుంటాను."

నేను ఫోన్ పెట్టేసి మా ఆవిడతో "చూశావా, పూజ ఎలా జరిగిందో కనుక్కోవడానికి పండగపూట పనిగట్టుకుని ఫోన్ చేసింది" అన్నాను. నా తెలివి అలా తెల్లారింది.

మర్నాడు పొద్దున్నే అబ్బాయితో సహా దిగింది. అసలు ఇంకా రెండ్రోజులు ఉండి రావాలి వాళ్ళు. చెప్పులు విడిచి సరాసరి పూజగదిలోకి వెళ్ళి ఆ పళ్ళెం తెచ్చి హాల్లో చాప మీద పెట్టుకుంది. అక్షింతలు ఏరింది. బంతిరేకులు ఏరింది. కుంకుమంటిన పెల్లెట్లని మెత్తటి గుడ్డ మీద పోసి నెమ్మదిగా దొర్లించింది. చివరికి నేనే ఉండబట్టలేక "ఏమైందమ్మా?" అని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఆ మూడు డబ్బాలూ మూడు సైజులు. తేడా పెల్లెట్ తలకాయలో ఉంటుంది. చిన్న సైజుకీ నడిమి సైజుకీ, నడిమి సైజుకీ పెద్ద సైజుకీ మధ్య తేడా మిల్లీమీటరులో వందో వంతు. ఏ రైఫిల్ గొట్టానికి ఏ సైజు నప్పుతుందో పైకి చూసి చెప్పలేరు. రైఫిల్‌ని కదలకుండా బిగించేసి, ఒక్కో సైజూ పదేసి చొప్పున కొట్టి చూడాలి. దేనితో కొడితే అన్నీ ఒకే కన్నంలోంచి దూరతాయో అది ఎంచుకోవాలి. వానాకాలమంతా ఆ పిల్ల క్లబ్బులో చేసింది ఆ పనేనట. తన రైఫిల్‌కి నడిమి సైజు నప్పింది. అందులోనూ ఆ ఒక్క డబ్బాలోవే. మళ్ళీ అదే సైజు వేరే డబ్బా తెప్పించుకున్నా అలాగే పడతాయన్న నమ్మకం లేదు. ఢిల్లీ నుంచి తెప్పించుకుని, మళ్ళీ పరీక్షలు చేసుకునే వ్యవధీ లేదు. విజయవాడలో ఎంపిక పోటీలు వచ్చే వారమే. అందులో నెగ్గితేనే రాష్ట్రం జట్టులో చోటు. కిందటేడు కొద్దిలో తప్పిపోయిందని, ఈ ఏడాదంతా దాని కోసమే కష్టపడిందని కూడా అప్పుడే తెలిసింది నాకు.

నేనేమన్నానో వినండి. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదమ్మా! దేనితో కొడితే ఏముంది?"

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ చెప్పింది. "అలాగేం? మొన్న మామిడంట్ల చీటీలు తారుమారు చేశాడని ఆ పనివాణ్ణి ఏం చేశారో మర్చిపోయారా?"

తల కొట్టేసినట్టయింది. బంగినపల్లి అంటునీ, కొత్తపల్లి కొబ్బరి అంటునీ పక్కపక్కన పెడితే మొక్కగా ఉన్నప్పుడు దేనికదని చెప్పడం చాలా కష్టం. చీటీ ఊడిపోయిందా, కాయ కాసేదాకా ఆగాల్సిందే. అందుకే మా నర్సరీలో చీటీ ముట్టుకున్నవాణ్ణి అక్కడికక్కడే తిడతాను. ఆ పనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. అలాంటి నేను మూడు రకాల అంట్లూ చీటీలు పీకి ఒకే మడిలో కుమ్మరించినట్టు చేశాను. పైగా ఫోటో తీసి ఊరందరికీ పంపాను. "అయ్యో తల్లీ" అని మాత్రం అనగలిగాను.

"ఫర్వాలేదండీ మామయ్యగారూ. మీకు తెలీదు కదండీ" అంది.

ఆ సాయంత్రం క్లబ్బులో కోచ్ దగ్గర్నుంచి ఒక చిన్న పెట్టె అడిగి తెచ్చింది. అందులో గుప్పిట్లో ఇమిడే, డై అనే ఇనప దిమ్మె ఒకటి, దానిలో మార్చి మార్చి వేసుకునే ఉక్కు బుష్‌లు కొన్ని ఉన్నాయి. బుష్ అంటే నాకు కొత్త కాదు, మా మోటారు పంపులోనూ ఉంటుంది. ఇవి మాత్రం ఉంగరాల్లా ముద్దుగా ఉన్నాయి. ఒక్కోదాని మధ్య ఒక్కో సైజు రంధ్రం, పక్కన ఆ సైజు అంకె చెక్కి ఉంది. పెల్లెట్ తలని బుష్ రంధ్రంలో పెట్టి చూస్తే, రంధ్రం కన్నా చిన్నదైతే తల లోపలికి దిగుతుంది, పెద్దదైతే అంచు మీదే ఆగిపోతుంది. చిన్న బుష్ మీద ఆగి, నడిమి బుష్‌లో దిగినదే తనకి కావలసిన సైజు. అలా ఒక్కొక్కటీ రెండు బుష్‌లలో పెట్టి చూడాలి. నొక్కకూడదట. వేలి బరువు కూడా పడకుండా పట్టుకుని, వదిలిపెట్టాలి. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పసిపిల్ల కంట్లో నలుసు తీస్తున్నట్టు అంత నెమ్మదిగా చేసింది. పడుకునే వేళకి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాకి అడుగున పరుచుకునేన్ని తేలాయి. ఆ డబ్బాని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"మిగతావి ఆదివారం కూర్చుని చూసుకుంటానండీ. మీరు శ్రమపడకండి మామయ్యగారూ" అంది.

చూడండి, మా గోదావరి జిల్లాల్లో "శ్రమపడకండి" అన్నవాళ్ళని నిజంగా శ్రమపడకుండా వదిలేసిన మర్యాదస్థుణ్ణి నేనింతవరకూ చూడలేదు. భోజనం వద్దన్నవాళ్ళకి విస్తరేస్తాం. చాలన్నవాళ్ళకి ఇంకో గరిటె వడ్డిస్తాం. నాకు ఆ పిల్ల మాట అలాగే వినిపించింది. పాపం, పగలంతా బ్యాంకులో పనిచేసి వచ్చి కళ్ళు పోయేలా ఇది చెయ్యాలా? చెడగొట్టినవాణ్ణి నేను, బాగుచేసే పూచీ నాది కాదూ?

మర్నాడు కోడలు బ్యాంకుకి వెళ్ళగానే నర్సరీకి సెలవు పెట్టి చాప మీద కూర్చున్నాను. మా ఆవిడ "ఆ పిల్ల వచ్చేదాకా ఆగొచ్చు కదా, మీ ఆత్రం పాడుగాను" అంది. నువ్వూరుకో అన్నాను. మొదట నేను తేల్చుకోవాల్సింది, ఏ బుష్ వెయ్యాలని. బుద్ధున్నవాడైతే ఫోన్ చేసి అడుగుతాడు. నేను ఆలోచించాను. మట్టి జల్లించేటప్పుడు సన్న జల్లెడలోంచి దిగిన మట్టే మంచి మట్టి. అలాగే అన్నిటికన్నా చిన్న బుష్‌లోంచి దిగినది అన్నిటికన్నా నాణ్యమైనది అవుతుంది కదా అని పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా చిన్న బుష్ తీసి డైలో బిగించాను. ముందురోజు కోడలు వాడినవాటికన్నా కూడా చిన్నది అది. పెల్లెట్ పెడితే దిగలేదు. ఇంకోటీ దిగలేదు. పెట్టెలో ఒక ఉక్కు పుల్ల కనిపించింది. ఓహో, దిగనివాటిని తొయ్యడానికన్నమాట అనుకున్నాను. పెట్టి తోశాను. సుయ్ మని అటువైపు జారి పడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకోటి పెట్టి తోశాను. అదీ దిగింది. అలా తోస్తూనే ఉన్నాను. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆగలేదు. నిన్న ఆ పిల్ల అంతసేపు తంటాలు పడిన పని నా చేతిలో జంతికలు నొక్కినట్టు సాగిపోతోంది. అన్నీ ఒకే సైజు! "కోడలికి ఓపికుంది గానీ కిటుకు తెలీదు" అని మా ఆవిడతో అన్నాను కూడా. ఛీ, నా నోరు!

సాయంత్రానికల్లా అన్నీ తోసేసి, ఒక డబ్బాలో నింపి, మూత పెట్టి, బల్ల మీద పెట్టాను. మా ఆవిడ చేత నిజంగానే జంతికలు వేయించాను. కోడలు వచ్చి కాళ్ళు కడుక్కోగానే డబ్బా చేతికిచ్చాను.

మూత తీసి ఒక పెల్లెట్ వెలుతురుకి పట్టి చూసింది. పక్కలు గీసుకుపోయి తళతళ మెరుస్తున్నాయి. ఇంకోటి తీసింది. అదీ అంతే. నెమ్మదిగా కూర్చుంది.

"ఏ బుష్ వేశారండీ?"

"అన్నిటికన్నా చిన్నదమ్మా. నాణ్యంగా ఉంటాయని."

"పుల్లతో తోశారాండీ?"

"అవునమ్మా. ఒక్కటి కూడా ఆగలేదు తెలుసా!"

"ఫర్వాలేదండీ మామయ్యగారూ" అంది. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. ఇంతలో మా ఆవిడ పళ్ళెంలో జంతికలు తెచ్చి పెట్టింది. ఒకటి తీసుకుని పూర్తిగా తినేసి, "బావున్నాయండీ అత్తయ్యగారూ" అని చెప్పి లోపలికి వెళ్ళింది. నాకెందుకో భయం వేసింది.

రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి విడమర్చి చెప్పాడు. ఆ డై సైజులు ఏరడానికి కాదట, సైజు తగ్గించడానికట. కోడలు దాన్ని తలలు కొలిచే ఉంగరంలాగా మాత్రమే వాడుకుంది. సీసం మెత్తన కాబట్టి చిన్న రంధ్రంలోంచి తోస్తే నలిగి చిన్నదైపోతుంది. నేను తోసినవన్నీ ఆ రైఫిల్‌కి పనికిరానంత చిన్నవైపోయాయి. వాటిలో నడిమివి ఎన్నో, పెద్దవి ఎన్నో ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు. "మొదటిసారి కలిపేస్తే ఏరుకోవడానికైనా ఉండేది నాన్నగారూ. ఇప్పుడు ఏరడానిక్కూడా ఏం లేదు" అన్నాడు. వాడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ నాలుగరిచి ఉందును, కాస్త తేలికపడేది. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఎండిపోయింది.

సిగ్గంటే ఏమిటో నాకు ఆ వారంలో తెలిసింది. నర్సరీకి ఎవరైనా వచ్చి "ఏమండీ, కోడలమ్మగారు ఎలా కొడుతున్నారు?" అని అడిగితే చాలు, మొక్కల వెనక్కి పోయేవాణ్ణి. ఇంట్లో ఆ పిల్ల ఎదురుపడితే పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. తను మాత్రం ఎప్పటిలాగే "కాఫీ తీసుకున్నారాండీ?" అని అడిగేది. క్లబ్బుకి వెళ్ళి వచ్చేది. ఏరిపెట్టుకున్న ఆ కాసిన్నీ పోటీకి దాచుకుని, నేను నలిపేసినవాటితోనే సాధన చేస్తోందని మా అబ్బాయి చెప్పాడు. అవి ఒకటి ఇటూ ఒకటి అటూ పడుతున్నాయట. తప్పు తన చేతిదో పెల్లెట్‌దో తెలీకుండా అలా కొట్టడం కన్నా కొట్టకపోవడం మేలని కోచ్ కోప్పడ్డాడట. అవి ఎలా పాడయ్యాయో, మంచివి ఎన్ని మిగిలాయో మాత్రం తను ఆయనకి చెప్పలేదట.

పోటీ రోజున మా అబ్బాయికి సెలవు దొరకలేదు. "నేనొస్తానమ్మా, పెట్టె మోస్తాను" అన్నాను. వద్దంటుందేమోననుకున్నాను. "రండి మామయ్యగారూ" అంది.

విజయవాడలో ఆ హాలు చూశాక నాకు మతిపోయింది. నేను చెప్పుకునే కొబ్బరికాయలెక్కడ, అదెక్కడ! అంతమంది ఉండి కూడా గుడిలో కన్నా నిశ్శబ్దం. బిర్రుగా ఉన్న పెద్ద కోటు తొడుక్కుని, కాళ్ళెడంగా పెట్టి, మా కోడలు బొమ్మలా నిలబడింది. ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలీలేదు. ప్రతి దెబ్బకీ పైన తెరమీద అంకె పడుతోంది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నాకు మెల్లగా వివరిస్తున్నాడు. అసలు లెక్క మొదలుకాకముందు గురి సరిచూసుకోవడానికి కొన్ని ఊరికే కొట్టుకోవచ్చట. అందరూ చాలాసేపు కొట్టుకున్నారు. మా కోడలు నాలుగైదు కొట్టి ఆపేసింది. "అదేంటండీ, ఆ అమ్మాయి అప్పుడే ఆపేసింది?" అన్నాడాయన. ఎందుకు ఆపేసిందో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. ఆ చిన్న డబ్బాలోవి అంతకన్నా ఖర్చుపెడితే చివరికి చాలవు.

మొదట్లో కొన్ని పక్కకి పోయాయి. గురి సర్దుకున్నాక మాత్రం చూడాలి! తెరమీద ఒకే అంకె మళ్ళీ మళ్ళీ పడుతోంది. నేను మా ఇలవేల్పుకి మొక్కుకున్నాను, నా పాపం ఆ పిల్లకి తగలనివ్వకు తల్లీ అని. చివరికి జాబితా పెట్టారు. ఎంపికైనవాళ్ళ పేర్ల కింద గీసిన గీతకి అడుగున, మొట్టమొదటి పేరు మా కోడలిది. ఒక్క స్థానంలో తప్పిపోయింది.

కోచ్ మా దగ్గరికొచ్చాడు. "మొదటి పది దెబ్బలే నిన్ను ముంచాయమ్మా. ట్రయల్ షాట్లు అలా ఆపేశావేంటి? పెల్లెట్లు సరిపడా టెస్ట్ చేసి పెట్టుకోలేదా? కావాలంటే నా డై కూడా ఇచ్చాను కదా" అన్నాడు.

"బద్ధకించానండీ సార్. నాదే పొరపాటు" అంది మా కోడలు.

బద్ధకం! ఆ పిల్లకి! ఇంక ఆగలేకపోయాను. "అది బద్ధకం ఏంటండీ బాబూ, అంతా నా నిర్వాకం" అని అందుకున్నాను. నిజం చెప్పెయ్యాలనే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ నా నోటికి ఒక అలవాటుంది కదా. ఆయుధపూజ దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. ఇత్తడి పళ్ళెం, రాశి, బంతిపువ్వు, కొబ్బరినీళ్ళు. చుట్టూ నలుగురు పోగయ్యారు. ఒకళ్ళు నవ్వారు. నవ్వేసరికి నాకు హుషారొచ్చింది. సన్న జల్లెడ సంగతీ, ఉక్కు పుల్లతో సుయ్ సుయ్ మని తోసిన సంగతీ చేతులు తిప్పుతూ చెప్పాను. "జంతికలు నొక్కినట్టు నొక్కేశానండీ!" అన్నాను. కోచ్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "భలేవారండీ మీరు" అన్నారెవరో. అటు తిరిగి చూస్తే మా కోడలు గోడవైపు తిరిగి, వంగి కూర్చుని, రైఫిల్ పెట్టె జిప్పు వేసుకుంటోంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. ఏలూరు వచ్చింది. నేనే "అమ్మా, ఆకలేస్తోందా?" అన్నాను.

"నాకు కోపం వచ్చిందండీ మామయ్యగారూ" అంది.

"రాదా తల్లీ మరి. నేను చేసిన పని..."

"అది కాదండీ. పళ్ళెంలో పోసినందుకు కాదు. మీకు తెలీదు, పోశారు. బుష్‌లో తోసినందుకు వచ్చింది, పోయింది కూడా. సార్‌తో బద్ధకించానని ఎందుకు చెప్పానో తెలుసాండీ? ఆ హాల్లో మిమ్మల్ని చూసి ఒక్కళ్ళు కూడా నవ్వకూడదని. మీరే నిలబడి అందర్నీ నవ్వించారు. నేను ఓడిపోయి పావుగంట కూడా కాలేదండీ. అప్పుడే అది మీ కబురైపోయింది."

అంత కోపంలో ఉంది. అయినా "అండీ" వదల్లేదు. ఆ "అండీ" వినపడినప్పుడల్లా నాకు చెంపమీద కొట్టినట్టుంది.

"ఊరందరికీ నా గురించి చెప్తారు. అత్తయ్యగారు చెప్తూనే ఉంటారు నాకు. కొబ్బరికాయలు కొడతాననీ, పిట్టల్ని కొడతాననీ. నన్నెప్పుడైనా అడిగారాండీ, అసలు ఏం చేస్తున్నావమ్మా అని? ఒక్కసారి?"

నేను వెతుక్కున్నాను. నిజంగా వెతుక్కున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే అది పట్టుకుని బయటపడదామని. తిన్నావా అని అడిగాను. ఎప్పుడొస్తావని అడిగాను. గెలిచావా అని చాలాసార్లు అడిగాను, గెలిస్తే నర్సరీలో చెప్పుకోవాలి కదా. అది మాత్రం అడగలేదు. ముందే అడిగి ఉంటే ఆ డబ్బాల్లో ఏముందో నాకు తెలిసుండేది, మూత కూడా ముట్టుకునేవాణ్ణి కాదు. నా కోడలని ఛాతీ విరుచుకున్నాను గానీ, నా ఇంట్లో తిరుగుతున్న ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. రైల్లో అంతమంది ముందు ఏడుపొచ్చేలా ఉంది. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

తాడేపల్లిగూడెం దాటింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని బయటికి చూస్తోంది. ఇప్పుడడిగితే ఏం బాగుంటుందని ఒక పక్క, ఇప్పుడూ అడక్కపోతే ఇంకెప్పుడడుగుతావురా అని ఒక పక్క. చివరికి అడిగేశాను.

"అమ్మా, నేనిప్పుడడిగితే చెప్తావా?"

"ఏంటండీ?"

"మిల్లీమీటరులో వందో వంతే కదా. అంత తేడాకి, పది మీటర్ల అవతల ఏమవుతుందమ్మా?"

నిజంగా అడుగుతున్నానో, రేపు ఎవరికో చెప్పుకోవడానికి అడుగుతున్నానో అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. అడుగున ఒకే ఒక్క పెల్లెట్ మిగిలింది. దాన్ని తన అరచేతిలో పెట్టుకుని మొదలుపెట్టింది. గొట్టం లోపల మరచుట్లలా తిరిగే సన్నటి గాళ్ళు ఉంటాయట, తల వాటిని ఎక్కడ పట్టుకుంటుందీ, వదులుగా ఉంటే గాలి ఎటునుంచి జారిపోతుందీ, బిగువైతే వేగం ఎలా మారుతుందీ, అది గురిదగ్గరికి చేరేసరికి ఎలా కనిపిస్తుందీ, అన్నీ చెప్పింది. నిడదవోలు వచ్చేదాకా చెప్పింది. నేను ఒక్కసారి కూడా మధ్యలో అడ్డం రాలేదు.

"అర్థమైందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. "అర్థం కాలేదు."

పెల్లెట్‌ని ఆ చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.